‘అవునండీ’కి డెబ్బై మార్కులు

భావాలను గుర్తుపట్టలేకపోవడాన్ని ప్రశ్నావళితో కొలిచే శాస్త్రం, కృష్ణా డెల్టా దిగువన దానికి ఎదురయ్యే చిక్కులు

మనిషికి కోపం వచ్చిందో, భయం వేసిందో, దిగులు కమ్ముకుందో అందరికంటే ముందు ఆ మనిషికే తెలుస్తుందన్నది లోకంలో ఎవరూ పెద్దగా శంకించని నమ్మకం. అయితే గుండె వేగం పెరిగి, కడుపులో తిప్పి, నిద్ర పట్టక, అయినదానికీ కానిదానికీ విసుగు పుడుతున్నా, వీటన్నిటి వెనక ఉన్నది ఏ భావమో అంతుపట్టని మనుషులు కొందరుంటారు. సొంత భావాలను గుర్తుపట్టడంలోనూ, గుర్తుపట్టినదాన్ని ఎదుటివారికి చెప్పడంలోనూ కలిగే ఈ ఇబ్బందికి మనస్తత్వశాస్త్రం పెట్టిన పేరు అలెక్సిథైమియా. గ్రీసులో పుట్టి అమెరికాలోని బోస్టన్‌లో స్థిరపడిన పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు 1970ల తొలినాళ్లలో ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు. ఒంటి బాధలతో ఆస్పత్రికి వచ్చే రోగుల్లో కొందరు తమ లక్షణాలను ఎంత వివరంగానైనా చెప్పగలిగినా, ‘అప్పుడు మీకేమనిపించింది’ అని అడిగితే మాత్రం ఏమీ తోచక ఆగిపోవడాన్నీ, లేదా జరిగిన సంగతినే మళ్లీ మొదటినుంచి చెప్పడాన్నీ ఆయన, ఆయన సహచరుడు జాన్ నెమియా గమనించారు.

ఇది జబ్బుల జాబితాలో ఉన్న జబ్బు కాదు. పొడుగు పొట్టి లాగా మనుషులందరిలో ఎంతో కొంత ఉండి, కొందరిలో ఎక్కువగా కనిపించే లక్షణం. కుంగుబాటు, తాగుడు, తిండికి సంబంధించిన రుగ్మతలు, తగ్గని నొప్పులు ఉన్నవారిలో దీని పాలు ఎక్కువని అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఈ ఇబ్బంది ఉన్నట్టు 2019లో వెలువడిన ఒక సమీక్ష లెక్క కట్టింది. ఫిన్లాండులో సాధారణ జనాభా మీద జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనంలో 13 శాతం మందిలో, అంటే మగవారిలో 17 శాతం, ఆడవారిలో 10 శాతం మందిలో ఇది తేలింది. వయసు పైబడినవారిలో, చదువు తక్కువైనవారిలో, ఆదాయం తక్కువైనవారిలో ఎక్కువగా కనిపించిందని కూడా ఆ అధ్యయనం చెప్పింది. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చదువు తక్కువైనవారికి భావాలు తెలియవని దాని అర్థమా, లేక వారిని అడిగిన తీరులోనే ఏదైనా తేడా ఉందా అన్నది ఈ వ్యాసం పొడుగునా ఎదురయ్యే ప్రశ్న.

ఈ లెక్కలన్నీ దాదాపు ఒకే రకం సాధనంతో వచ్చినవి. మనిషికి కాగితం ఇచ్చి, తన గురించి తనే జవాబులు రాయమని అడగడమే ఆ సాధనం. దీన్ని స్వీయ నివేదన ప్రశ్నావళి అంటారు. రక్తపోటుకు యంత్రం ఉంది, చక్కెరకు పరీక్ష ఉంది. భావం తెలియకపోవడానికి మాత్రం, తెలియనివారినే పిలిచి ‘మీకు తెలియదా’ అని అడుగుతున్నారు. తూకం వేయవలసిన సరుకునే తూకపురాయిగా వాడినట్టుండే ఈ పద్ధతి దశాబ్దాలుగా నిలబడిందంటే దానికి కారణాలున్నాయి, దాని మీద విమర్శలు తగ్గకపోవడానికీ కారణాలున్నాయి.

ఇరవై వాక్యాలు

కెనడాలోని టొరాంటోలో గ్రేమ్ టేలర్, మైకేల్ బాగ్బీ, జేమ్స్ పార్కర్ అనే ముగ్గురు పరిశోధకుల పేర్లు ఈ రంగంలో మళ్లీ మళ్లీ వినబడతాయి. టేలర్ బృందం 1985లో 26 వాక్యాలతో తన మొదటి కొలబద్దను తయారుచేసింది. అందులో పగటి కలలు, ఊహాశక్తి గురించిన వాక్యాలు కూడా ఉండేవి, కానీ ‘నేను పగటి కలలు కంటూ కూర్చుంటాను’ అని ఒప్పుకోవడం మర్యాద కాదనుకునే జనం ఆ వాక్యాలకు నలుగురూ మెచ్చే జవాబు ఇస్తున్నారని తేలడంతో వాటిని తొలగించారు. అలా వడకట్టగా 1994లో మిగిలినవి ఇరవై వాక్యాలు. దాన్నే టొరాంటో అలెక్సిథైమియా కొలబద్ద అనీ, పొట్టిగా టీఏఎస్-20 అనీ పిలుస్తారు. నేటికీ ప్రపంచంలో ఎక్కువగా వాడుతున్నది ఇదే.

ఇరవై వాక్యాలు మూడు పాయలుగా ఉంటాయి. ఏడు వాక్యాలు భావాలను గుర్తుపట్టడంలో కష్టాన్ని, ఐదు వాక్యాలు వాటిని వర్ణించడంలో కష్టాన్ని, ఎనిమిది వాక్యాలు బయటి సంగతుల మీదనే ధ్యాస నిలిపే ఆలోచనా తీరును కొలుస్తాయి. ప్రతి వాక్యానికీ ‘పూర్తిగా ఒప్పుకోను’ నుంచి ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ వరకు ఐదు మెట్లున్నాయి, మధ్యలోది అటూ ఇటూ కాని జవాబు. మొత్తం 20 నుంచి 100 వరకు వస్తుంది. 51 లేదా అంతకు తక్కువైతే ఇబ్బంది లేనట్టు, 52 నుంచి 60 వరకు ఉండవచ్చన్నట్టు, 61 లేదా అంతకు పైగా వస్తే ఉన్నట్టు లెక్క. జనం మొహమాటానికి అన్నిటికీ ఒకే జవాబు పెట్టేస్తారన్న జాగ్రత్తతో ఐదు వాక్యాలను తిరగేసి రాశారు, అంటే వాటికి ‘ఒప్పుకుంటాను’ అంటే మార్కులు తగ్గుతాయి.

ఈ జాగ్రత్త ఎంతవరకు పనిచేస్తుందో తెలియాలంటే కాగితం మీద ఒక చిన్న లెక్క వేస్తే చాలు. తిరగేసిన ఐదింటిలో ఒకటి వర్ణనకు సంబంధించిన పాయలోను, నాలుగు బయటి ధ్యాసకు సంబంధించిన పాయలోను ఉన్నాయి. గుర్తుపట్టడంలో కష్టాన్ని కొలిచే ఏడు వాక్యాల్లో ఒక్కటి కూడా తిరగేసినది లేదు. ఇప్పుడు ఒక మనిషి వాక్యం సరిగా వినకుండా ఇరవైకీ నాలుగో మెట్టైన ‘ఒప్పుకుంటాను’ అన్నాడనుకుంటే మొదటి పాయలో 28, రెండో పాయలో 18, మూడో పాయలో 24, వెరసి 70 వస్తాయి. గీత 61 దగ్గర ఉంది కనుక ఆ మనిషికి అలెక్సిథైమియా ఉన్నట్టే రాసుకుంటారు. ఇరవైకీ ‘అటూ ఇటూ కాదు’ అన్నవారికి సరిగ్గా 60, అంటే గీతకు ఒక్క మెట్టు కింద. ఇరవైకీ ‘ఒప్పుకోను’ అన్నవారికి 50, అంటే ఏ ఇబ్బందీ లేనట్టు. మూడు సందర్భాల్లోనూ భావాల గురించి ఆ మనుషులు చెప్పింది శూన్యం. తేడా అంతా వారి మొహమాటంలోనే ఉంది.

చదువుకున్నవారు తీరికగా కాగితం మీద నింపే చోట ఇది చిన్న లోపం. ప్రశ్నను ఒకరు చదివి వినిపించి మరొకరు జవాబు చెప్పే చోట మాత్రం ఇది పెద్దదవుతుంది.

తెలియకపోవడమా, బాధపడటమా?

అన్నిటికంటే పాత విమర్శ తర్కానికి సంబంధించినది. తన భావాలు తనకు తెలియవని చెప్పాలంటే లోపలికి తొంగి వాటిని చూసే శక్తి ఉండాలి, ఆ శక్తి లేకపోవడమే కొలవదలచిన విషయమైనప్పుడు జవాబును ఎలా నమ్మాలన్నది ఆ విమర్శ. కొలబద్ద తయారుచేసినవారు దీనికిచ్చే సమాధానం తీసిపారేయదగినది కాదు. చెవుడు వచ్చిన పెద్దాయనకు ఎదుటివారి మాట వినబడకపోయినా, తనకు వినబడటం లేదన్న సంగతి నలుగురి మధ్య కూర్చున్నప్పుడు తెలుస్తూనే ఉంటుంది. అలాగే ‘నీకు ఏమైంది’ అని ఇంట్లోవాళ్లు అడిగిన ప్రతిసారీ జవాబు తోచని మనిషికి తనలో ఏదో లోటుందన్న ఎరుక మిగలవచ్చు. 1994లో ఇరవై వాక్యాల కొలబద్దకు అంతర్గత పొందిక, అంటే వాక్యాలన్నీ ఒకే విషయాన్ని పట్టుకుంటున్నాయా అన్న పరీక్ష, ఒకటికి 0.81గా వచ్చింది, మూడు వారాల తర్వాత మళ్లీ అడిగినా జవాబులు చాలావరకు కలిశాయి. అర్థంలేని కాగితానికి ఇంత నిలకడ రాదు.

అయితే నిలకడ ఉన్నంత మాత్రాన కొలుస్తున్నది అనుకున్న వస్తువే అని చెప్పలేము. కుంగుబాటు, ఆందోళన ఉన్నవారికి ఈ కొలబద్దలో, ముఖ్యంగా మొదటి ఏడు వాక్యాల పాయలో, మార్కులు పెరుగుతాయి. ఆ బాధ తగ్గితే మార్కులూ తగ్గుతాయి. బాధలో ఉన్న మనిషి తన గురించి ఏమడిగినా చెడ్డగానే చెబుతాడు కనుక, ఈ కొలబద్ద పట్టుకుంటున్నది భావాలు తెలియకపోవడాన్ని కాదు, మనసు బాగా లేకపోవడాన్ని అని 2009లో జర్మనీకి చెందిన డానియల్ లైజింగ్, ఆయన సహచరులు వాదించారు. దీనికి ముందే, 2001లో, ఒలివియే లుమినే టొరాంటో బృందంతో కలిసి కుంగుబాటుకు చికిత్స పొందిన రోగులను పరిశీలించి మరో కోణం చూపించాడు: చికిత్స తర్వాత అందరి మార్కులూ తగ్గినా, ఎవరు ఎవరికంటే పైన ఉన్నారన్న వరుస చాలావరకు చెదరలేదు. అంటే బాధ అందరి మార్కులనూ పైకెత్తుతుంది, కానీ వాటి అడుగున ఆ మనిషికి సహజమైన మట్టం ఒకటి ఉంటుంది.

ఈ రెండు వాదాల్లో దేనిని పూర్తిగా ఒప్పుకున్నా తప్పే అవుతుంది. వందల మందిని ఒకరితో ఒకరిని పోల్చే పరిశోధనకు వరుస నిలిస్తే చాలు. ఒక్క మనిషిని ముందు కూర్చోబెట్టుకుని 61 గీత దాటిందా లేదా అని తేల్చే వైద్యుడికి అది చాలదు. కొలబద్ద పుట్టింది మొదటి పనికి. దాని అసలు చిక్కులన్నీ రెండో పనికి వాడటం మొదలుపెట్టినప్పుడు వచ్చినవే.

ఉప్పెన కథ ఏ గడిలో పడుతుంది

ఇప్పుడు ఈ కాగితాన్ని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల మధ్యనున్న ఘంటసాలకు తెచ్చి చూడాలి. (ఘంటసాల అనగానే తెలుగువారికి ముందు గుర్తొచ్చే గాయకుడు గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టాడు, ఇక్కడ మాట్లాడుతున్నది ఆయన ఇంటిపేరైన ఊరి గురించి.) 2011 జనాభా లెక్కల్లో కృష్ణా జిల్లా అక్షరాస్యత 74 శాతానికి దగ్గరగా ఉంది. అక్షరాలు వచ్చినవారందరికీ ఐదు మెట్ల కాగితం నింపే అలవాటు ఉండదు కనుక, పల్లెలో ఇలాంటి ప్రశ్నావళి దాదాపు ఎప్పుడూ ఒకరు చదవగా మరొకరు జవాబు చెప్పేదిగానే సాగుతుంది. పేరుకు అది స్వీయ నివేదన, జరిగేది సంభాషణ.

ఆ సంభాషణ ఎలా ఉంటుందో ఊహించడానికి కొల్లేరు అవతల, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జరిగిన పని ఉపయోగపడుతుంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పల్లబ్ మౌలిక్ బృందం ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో అక్కడ ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్లు ఇచ్చి, కుంగుబాటును పట్టే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9ను, ఆందోళనను పట్టే ఏడు ప్రశ్నల జీఏడీ-7ను ఇంటింటికీ తీసుకువెళ్లి అడిగించింది. తర్వాత ఆంధ్రప్రదేశ్, హర్యానా రాష్ట్రాల్లో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద ఎత్తున జరిపిన ప్రయోగం ఫలితాలు 2024లో వెలువడ్డాయి. తెలుగు పల్లెలో మనసు గురించి ప్రశ్నావళితో అడగడం సాధ్యమేనని ఆ పని చూపించింది. అయితే ఆ ప్రశ్నలు నిద్ర, ఆకలి, నీరసం, గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అన్నవాటి చుట్టూ తిరుగుతాయి; ‘మీకు కలిగేది ఏ భావమో మీకు తెలుస్తుందా’ అన్న ప్రశ్న వాటికంటే ఎంతో వెనకాల, ఎంతో లోపల ఉంటుంది.

అడిగేది ఊళ్లో మనిషే. ‘పిన్నీ, ఇదొక్కటి చెప్పు’ అంటూ గడపలో కూర్చునే ఆశా కార్యకర్త ముందు, పక్కన అత్తగారు వింటుండగా, ‘నేను బాధలో ఉన్నప్పుడు అది దిగులో, భయమో, కోపమో తెలియదు’ అన్న అర్థం వచ్చే వాక్యానికి ఐదు మెట్లలో ఒకటి ఎంచుకోమంటే, చాలామంది ఎంచుకునేది మెట్టు కాదు, మర్యాద. అడిగినామె తరఫున వచ్చిన మాటను కాదనడం ఎందుకని ‘అవును’ అంటారు. పెద్దాఫీసరు అడిగితే ‘అవునండీ’ అంటారు. పైన వేసిన లెక్కలో 70 మార్కులు ఎక్కడినుంచి వస్తాయో ఇక్కడ కనబడుతుంది. తిరగేసిన వాక్యాలు ఈ స్థితిని సరిచేయకపోగా మరో చిక్కు తెస్తాయి, ఎందుకంటే అడిగేవారు వాటిని ‘కష్టం ఉండదు కదా’ అని తిప్పి అడిగితే తెలుగులో ‘ఆఁ, ఉండదు’ అనీ, ‘లేదు, ఉండదు’ అనీ రెండు రకాలుగానూ ఒకే జవాబు వస్తుంది; వినేవారు ఏది ఒప్పుకోలో, ఏది కాదనడమో తేల్చుకోలేక తమకు తోచిన గడిలో టిక్కు పెడతారు.

మొదటి పాయలో వైద్యులకు సైతం అంతుపట్టని ఒంటి బాధల గురించి ఒక వాక్యం ఉంది. టొరాంటోలో అది లోపలి భావాన్ని ఒంటి బాధగా పొరబడే మనిషిని పట్టుకోవడానికి పెట్టింది. డెల్టాలో గుండె దడకో, అరికాళ్ల మంటకో ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత మచిలీపట్నానికి, ఆపైన విజయవాడకు తిరిగి, ‘రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయన్నారు’ అని ఇంటికి చేరిన మనిషి ఆ వాక్యానికి పూర్తిగా ఒప్పుకుంటే, అది అతని మనసులోని లోటు గురించి కాక, జిల్లాలో వైద్యం అందే తీరు గురించి చెప్పిన నిజమైన సాక్ష్యం. దానికి ఐదు మార్కులు పడతాయి.

మూడో పాయ ఇంకా చిక్కైనది. భావాల గురించి కంటే జరిగిన సంగతుల గురించి, రోజువారీ పనుల గురించి మాట్లాడటానికి ఇష్టపడటం ఆ పాయలో లోపంగా లెక్కకు వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో 10 వేల మందికి పైగా చనిపోయారు. బతికి బయటపడ్డవారు తాటిచెట్టు ఎక్కి పట్టుకున్న సంగతీ, నీళ్లు ఏ దిక్కునుంచి ఎంత ఎత్తున వచ్చాయన్న సంగతీ, తెల్లారి ఎవరు ఎక్కడ కనబడ్డారన్న సంగతీ వరసగా చెబుతారు. ‘నాకు అప్పుడు భయంతో కూడిన శోకం కలిగింది’ అని ఎవరూ చెప్పరు. చెప్పవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఆ వరసలో ఏ పేరు దగ్గర గొంతు ఆగుతుందో వినేవారికి తెలుస్తుంది. జరిగినది చెప్పడమే తమకేమైందో చెప్పే పద్ధతి అయిన చోట, ఆ పద్ధతిని భావాలు తెలియకపోవడం కింద జమ వేస్తే కొలబద్ద పట్టుకున్నది మనిషి మనసును కాదు, ఊరి మాట తీరును.

ఇది ఒక్క డెల్టాకే పరిమితమైన అనుమానం కాదు. కెనడాలో విద్యార్థుల మీద 1996లో కెనెత్ డయాన్ జరిపిన అధ్యయనంలో, చైనా భాష మాతృభాషగా ఉన్నవారికి ఇంగ్లీషు, ఇతర ఐరోపా భాషలు మాతృభాషగా ఉన్నవారికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. 2012లో జెస్సికా డేర్, కార్ల్ ఫాక్, ఆండ్రూ రైడర్ దీన్ని విప్పి చూడగా తేడాలో పెద్ద పాలు మూడో పాయదేననీ, దానికి కారణం భావాలు గుర్తుపట్టే శక్తి లేకపోవడం కాక, భావాలకు అంత ప్రాధాన్యం ఇవ్వాలా అన్న సాంస్కృతిక విలువలేననీ తేలింది. ఆ పాయ అసలు ఇంగ్లీషులోనే బలహీనమైనది. 1994లో దాని అంతర్గత పొందిక 0.66 మాత్రమే, తర్వాత ఎన్నో భాషల్లోకి అనువదించినప్పుడూ అది కోలుకోలేదు.

భారతీయ భాషల్లోకి ఈ కొలబద్ద వచ్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి హిందీలో జరిగింది. రాకేశ్ పాండే, మానస్ మండల్ టొరాంటో పరిశోధకులతో కలిసి హిందీ అనువాదాన్ని తయారుచేసి, దాని విశ్వసనీయతను పరీక్షించి 1996లో ప్రచురించారు. మూలభాషలోంచి ఒకరు అనువదించగా, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తెచ్చి రెండిటినీ పోల్చడం ఇలాంటి పనులకు ప్రామాణికమైన పద్ధతి. మాటకు మాట సరిపోయిందో లేదో అది చెబుతుంది. అడిగినప్పుడు ఎదుటి మనిషి దాన్ని ఏమని అర్థం చేసుకున్నాడన్నది చెప్పదు. అది తెలియాలంటే జవాబు చెప్పినవారినే ‘ఈ వాక్యం విని మీకేం తోచింది, అలా ఎందుకన్నారు’ అని నెమ్మదిగా మళ్లీ అడగాలి. ఖర్చు, ఓపిక రెండూ కావలసిన పని కనుక చాలా అనువాదాలు ఆ మెట్టు ఎక్కకుండానే చలామణీలోకి వస్తాయి.

కూచిపూడి లెక్క వేరు

భావాలను గుర్తుపట్టడం గురించి మాట్లాడేటప్పుడు ఈ డెల్టా మిగతా ప్రపంచం దగ్గర అరువు తెచ్చుకోవలసిన స్థితిలో లేదన్నది కొంచెం గట్టిగానే చెప్పవలసిన మాట. ఘంటసాలకు పొరుగునున్న మొవ్వ మండలంలోనే కూచిపూడి ఉంది. మువ్వగోపాలుడి ముద్రతో పదాలు కట్టిన క్షేత్రయ్యకు ఆ మొవ్వే సొంతూరని సంప్రదాయం చెబుతుంది. కూచిపూడి భాగవతులకు సిద్ధేంద్రయోగి ఇచ్చిన భామాకలాపంలో సత్యభామ పాత్ర వేసేవారు, ఆ పాత్రకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మతో సహా, తరతరాలుగా నేర్చుకుంటూ వచ్చినది ఒక్క స్త్రీ మనసులో గర్వం, అసూయ, దిగులు, లజ్జ ఒకదాని మీదినుంచి మరొకటి ఎలా దాటిపోతాయో చూపించడమే.

ఈ విద్యకు ఆధారమైన నాట్యశాస్త్రం భావాలను 49గా లెక్కిస్తుంది. రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం అన్న ఎనిమిది స్థాయీ భావాలు నిలిచి ఉండేవి. నిర్వేదం, గ్లాని, శంక, అసూయ, వ్రీడ వంటి 33 సంచారీ భావాలు వచ్చిపోయేవి. ఇవి కాక మరో ఎనిమిది ఉన్నాయి, ఈ చర్చకు ముఖ్యమైనవి అవే. కదలక నిలిచిపోవడం, చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణకడం, ముఖం రంగు తప్పడం, కన్నీరు, స్పృహ తప్పడం అన్న ఈ ఎనిమిదింటినీ సాత్త్విక భావాలు అంటారు. చూడటానికి అన్నీ ఒంటి లక్షణాలే అయినా, మనసు పూర్తిగా లగ్నమైనప్పుడే ఇవి పుడతాయనీ, ఏకాగ్రత లేని నటుడు వీటిని తెచ్చిపెట్టుకోలేడనీ శాస్త్రం చెబుతుంది. ఒంటి గుర్తును భావానికి తక్కువదిగా కాక, భావం నిజమైనదనడానికి సాక్ష్యంగా చూసే దృష్టి ఇది.

పల్లె మాట కూడా ఈ దారిలోనే నడుస్తుంది. గుండె ఝల్లుమంది, కాళ్లూ చేతులూ ఆడలేదు, ఒళ్లు జలదరించింది, నోట మాట రాలేదు, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది అనే మనిషి భావాన్ని గుర్తుపట్టలేక ఒంటిని చెప్పడం లేదు. ఒంటిని చెప్పడం ద్వారానే భావాన్ని, అందులోని ఎక్కువ తక్కువలతో సహా చెబుతున్నాడు. ఇది కేవలం నమ్మకం కాదనడానికి బయటి ఆధారాలు ఉన్నాయి. ఫిన్లాండుకు చెందిన లౌరి నుమ్మెన్మా బృందం 2014లో ఫిన్లాండు, స్వీడన్, తైవాన్ దేశాలకు చెందిన 701 మందికి మనిషి బొమ్మలిచ్చి, ఒక్కో భావం కలిగినప్పుడు ఒంట్లో ఎక్కడ చురుకు పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో రంగు వేయమంది; భాషలు వేరైనా ఆ పటాలు ఒకదానితో ఒకటి కలిశాయి. అంతకు ముందే, 2000లో, అహల్య హెజ్మాడీ, రిచర్డ్ డేవిడ్‌సన్, పాల్ రోజిన్ నాట్యశాస్త్రం వర్ణించిన పది అభినయాలను వీడియోగా చూపితే, భారతీయులే కాక ఆ శాస్త్రం పేరైనా వినని అమెరికన్లు కూడా కాకతాళీయం అనలేనంత బాగా వాటిని గుర్తుపట్టారు. ఆ పదింటిలో నాలుక కొద్దిగా కరుచుకుని చూపే లజ్జ కూడా ఉంది. తప్పు మాట్లాడి నాలుక్కరుచుకోవడం తెలుగువారికి పుస్తకం చూసి తెలుసుకోవలసిన సంగతి కాదు.

నాట్యశాస్త్ర పద్ధతిలో మరో మెళకువ ఉంది. భావాన్ని నేరుగా పేరు పెట్టి అడగరు. కారణమైన సందర్భాన్ని, అంటే విభావాన్ని ముందు నిలబెడతారు, దాని ఫలితంగా మాటలో, చూపులో, ఒంట్లో వచ్చే మార్పును, అంటే అనుభావాన్ని తర్వాత చూపుతారు. మనస్తత్వశాస్త్రంలో దీనికి దగ్గరగా వచ్చిన కొలబద్ద ఒకటి ఉంది. రిచర్డ్ లేన్ బృందం 1990లో తయారుచేసిన భావ స్పృహా స్థాయిల కొలబద్ద, మీకు భావాలు తెలుస్తాయా అని అడగకుండా, ఇరవై సందర్భాలను వర్ణించి ‘అప్పుడు మీకేమనిపిస్తుంది, అవతలి మనిషికేమనిపిస్తుంది’ అని మాత్రం అడుగుతుంది. జవాబులో వాడిన మాటలను బట్టి పరీక్షకులు మార్కులు వేస్తారు. తన శక్తిని తానే అంచనా వేసుకోవలసిన బెడద దీంతో తప్పింది. ఈ కొలబద్ద మార్కులకూ, టొరాంటో కొలబద్ద మార్కులకూ పొంతన చాలా తక్కువగా ఉండటం చూస్తే, ఒక మనిషి భావాలు గుర్తుపట్టడమూ, గుర్తుపట్టగలనని ఆ మనిషి అనుకోవడమూ వేర్వేరు సంగతులన్న అనుమానం బలపడుతుంది.

అయినా ఈ మెరుగైన కొలబద్ద సైతం తెలుగు నేల మీద తడబడుతుంది. భావం ఊసున్న జవాబుల్లో ఒంటి లక్షణం చెప్పినదానికి అందులో వేసేది అట్టడుగు మెట్టు. భావానికి పేరు పెట్టిన జవాబుకు దానికంటే పై మెట్టు. రెండు మూడు పేర్లు కలిపి చెబితే ఇంకా పైది. అన్న చనిపోయిన సందర్భం చదివి ‘కాళ్ల కింద భూమి కదిలిపోయినట్టుంటుంది’ అన్న ఘంటసాల రైతుకు అతి తక్కువ మార్కులూ, ‘బాధగానూ, కోపంగానూ ఉంటుంది’ అన్న కాలేజీ విద్యార్థికి అంతకు రెండింతలకు పైగా మార్కులూ పడతాయి. సాత్త్విక భావాలను శిఖరాన పెట్టిన శాస్త్రం పుట్టిన దేశంలో ఈ వరుసను తలకిందులు చేయాలని ఎవరైనా వాదిస్తే అది అతిశయమే, కానీ ఉన్న వరుసను ఉన్నట్టు దిగుమతి చేసుకోవడం అంతకంటే పెద్ద అతిశయం.

ఘంటసాలకే చెందిన మరో పాత సంగతి ఇక్కడ ప్రస్తావించదగినది. ప్రాచీన భూగోళవేత్త టాలెమీ కొంటకొస్సులగా రాసిన రేవు ఇదేనని చరిత్రకారులు భావిస్తారు. నాగార్జునకొండ శాసనంలో ఉపాసిక బోధిశ్రీ తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించినట్టు ఉన్న కంటకసెల మహాచైత్యం కూడా ఇక్కడిదే. 1890లలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రియా ఇక్కడి స్తూపాన్ని తవ్వించాడు. ఆ స్తూపం చుట్టూ బతికిన బౌద్ధ భిక్షువులకు సుఖం, దుఃఖం, రెండూ కాని స్థితి కలుగుతున్నప్పుడే వాటిని గమనించడం రోజూ చేయవలసిన అభ్యాసం. ఒంటిని గమనించడం మొదటిది, వేదనను గమనించడం దాని తర్వాతది. అంటే భావం తెలుసుకోవడం వారి దృష్టిలో సాధనతో పెరిగే నేర్పు, పుట్టుకతో వచ్చి నిలిచిపోయే గుణం కాదు. టొరాంటో కొలబద్ద మాత్రం దాన్ని వ్యక్తి స్వభావంగానే లెక్కిస్తుంది. మందులతో, మాటల చికిత్సతో మార్కులు కదులుతున్నప్పుడల్లా దాని సమర్థకులు ఇబ్బంది పడటానికి కారణం ఇదే.

మరి ఏం చేయాలి

కొలబద్దలు మెరుగుపడుతున్నాయి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో డేవిడ్ ప్రీస్ బృందం 2018లో ప్రకటించిన 24 వాక్యాల ప్రశ్నావళి మంచి భావాలను, చెడ్డ భావాలను విడివిడిగా అడుగుతుంది. టొరాంటో పరిశోధకులే 2006లో 24 ప్రశ్నల ముఖాముఖి పద్ధతిని తెచ్చారు; అందులో జవాబు చెప్పేవారు ‘అవును’ అన్నాక, ఏదైనా ఒక సందర్భం చెప్పమని అడిగి, ఆ సందర్భాన్ని బట్టి మార్కు వేస్తారు. కృష్ణా డెల్టాలాంటి చోట పనికొచ్చేది ఈ రెండోదే, ఎందుకంటే ‘అవునండీ’ తర్వాత ‘ఎప్పుడైందది, ఎలాగ’ అని అడగకుండా వదిలేసిన ప్రశ్నావళికి ఇక్కడ విలువ తక్కువ. సమయం ఎక్కువ పడుతుంది, శిక్షణ కావాలి, ఒక్కో మనిషికి అరగంట దాటవచ్చు. వేల మందిని సర్వే చేయడానికి అది కుదరదు.

సర్వేలకు చిన్న ప్రశ్నావళే వాడక తప్పనప్పుడు కొన్ని పనులు మాత్రం ఖర్చు లేకుండా చేయవచ్చు. మూడు పాయల మార్కులను కలిపి ఒక్క అంకెగా కాక విడివిడిగా ప్రకటించడం, 61 గీతను తెలుగు జనం మీద పరీక్షించకముందే వాడకుండా ఉండటం, కుంగుబాటు ప్రశ్నలను పక్కనే అడిగి దాని పాలు తీసేసి చూడటం, అన్నిటికీ ఒకే జవాబిచ్చిన కాగితాలను పక్కన పెట్టడం వాటిలో కొన్ని. ఐదు మెట్లను మాటల్లో కాక చిన్నా పెద్దా గిన్నెల బొమ్మలతో చూపితే చదువు తక్కువైనవారికి సులువవుతుంది. అత్తగారు, కోడలు ఒకే గదిలో ఉన్నప్పుడు అడగకపోవడం అన్నిటికంటే తేలికైనది, అన్నిటికంటే తరచుగా మరిచేది.

ఆరోగ్య కేంద్రంలో, ఒక్క మనిషిని ముందు కూర్చోబెట్టుకున్న వైద్యుడికి మాత్రం క్రమం వేరుగా ఉండాలి. గుండె దడ, నీరసం, ఒంట్లో మంట అంటూ వచ్చిన మనిషికి ముందు రక్తహీనత, థైరాయిడ్, చక్కెర, రక్తపోటు చూడాలి. అవి బాగున్నాయని తేలినంత మాత్రాన ఆ బాధ లేనిదని కాదు గనుక, అది మొదలైన రోజుల్లో ఇంట్లో, పొలంలో, అప్పుల్లో ఏం జరిగిందో ఆ మనిషి నోట కథగానే వినాలి. ప్రశ్నావళి నింపితే నింపవచ్చు, అయితే ప్రతి ‘అవును’ పక్కన జవాబు చెప్పినవారి మాటను అన్నట్టే రాసుకునే ఖాళీ ఒకటి ఉండాలి, కేసు షీటులో మార్కుల కంటే ఆ మాట పైన ఉండాలి.